‘డోస్ డెలివరీ’ అన్న మాటకు తెలుగు: మోతాదు ఇవ్వడమా, అందడమా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. హైదరాబాదులో ఒక కేన్సర్ ఆసుపత్రి రోగుల బంధువుల కోసం వేయిస్తున్న చిన్న పుస్తకానికి తెలుగు పాఠం రాస్తున్నాను. అందులో బోరాన్ న్యూట్రాన్ చికిత్స మీద ఒక పుట ఉంది. జపానులో 2020లో కొన్ని తల, మెడ కేన్సర్లకు ఆమోదం పొందిన పద్ధతి ఇది. మూలంలో పదేపదే వచ్చే ‘డోస్ డెలివరీని మెరుగుపరచడం’ అన్న మాటను నేను ‘మోతాదు పంపిణీని మెరుగుపరచడం’ అని రాస్తే, చదివిన మా అత్తగారు “ఇది రేషను దుకాణం సంగతా?” అని అడిగారు. ‘పంపిణీ’ని కొట్టేశాను. ‘మోతాదు’ అయినా సరైనదేనా, లేక ‘మాత్ర’ అనాలా?

జవాబు:
ఆయుర్వేదంలో మందు పరిమాణానికి ‘మాత్ర’ అన్న పేరే ఉంది గాని, తెలుగువారికి అది ఏనాడో మందుబిళ్ళగా స్థిరపడింది. ‘రేడియేషన్ మాత్ర’ అని రాస్తే రోగి మంచినీళ్ళ గ్లాసు కోసం చూస్తాడు. ‘మోతాదు’ అరబ్బీ మాట. అలవాటుపడినది, వాడుకలో కుదురుకున్న కొలత అని దాని మూలార్థం. ఉర్దూ పక్కనే బతికే హైదరాబాదీలం దాన్ని పరాయిదని పక్కన పెట్టనక్కరలేదు.

చిక్కు మరోచోట ఉంది. మోతాదు అనగానే మనకు తోచేది ఇచ్చేవారి చేతిలోని కొలత. రేడియేషన్‌లో మాత్రం లెక్క పుచ్చుకున్న కణజాలానిది: కిలో కణజాలంలో ఒక జౌలు శక్తి దిగితే అది ఒక గ్రే. మామూలు రేడియేషన్‌లో, అంటే మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అనే చికిత్సలో, యంత్రం పంపినదానికీ ఒంట్లో దిగినదానికీ సంబంధం సూటిగా ఉంటుంది కనుక ఈ తేడా పైకి కనబడదు. బోరాన్ న్యూట్రాన్ చికిత్సలో అలా కాదు. ముందు బోరాన్-10 (బోరాన్ మూలకంలో ఒక రకం) ఉన్న మందును రక్తంలోకి ఎక్కిస్తారు. తరువాత న్యూట్రాన్లను పంపుతారు. నెమ్మదించిన న్యూట్రాన్‌ను పట్టుకున్న బోరాన్ కేంద్రకం ఒక ఆల్ఫా కణంగా, ఒక లిథియం కేంద్రకంగా చీలిపోతుంది. ఆ రెండూ 5 నుంచి 9 మైక్రోమీటర్ల లోపే, అంటే దాదాపు ఒక జీవకణం వెడల్పులోనే, ఆగిపోతాయి. (ఇక్కడ మీరు తప్పక ‘జీవకణం’ అనే రాయండి. ‘ఆల్ఫా కణం కేన్సర్ కణంలో ఆగుతుంది’ అంటే ఏ కణం ఏదో తేలదు.) ఈ చికిత్సలో ముఖ్యమైన మోతాదు మందులోనూ లేదు, కిరణంలోనూ లేదు, రెండూ కలిసినచోట పుడుతుంది. అందుచేత మందుకు ‘ఇచ్చిన మోతాదు’ అనీ, రేడియేషన్‌కు ‘అందిన మోతాదు’ అనీ రాయమంటాను. ‘అందించు’ పంపేవారి క్రియ, ‘అందు’ చేరిన వస్తువు క్రియ. ఈ జంట మనకు ఉండగా కొత్త సమాసం దేనికి?

ప్రశ్న అడిగినవారు:
బాగుందండీ. మరి ‘మెరుగుపరచడం’ దేనికి వర్తిస్తుంది? పైగా మూలంలో ‘గ్రే’ ఒకచోట, ‘గ్రే-ఈక్వివలెంట్’ మరోచోట ఉన్నాయి. రెండింటినీ ‘గ్రే’ అనేశాను.

మరొక సభ్యుడు (భౌతికశాస్త్రం చెప్పేవాడిని):
అలా అనకూడదండీ. పద్యంలో లఘువూ ఒక అక్షరమే, గురువూ ఒక అక్షరమే; మాత్రలు లెక్కించినప్పుడు మొదటిది ఒకటి, రెండవది రెండు. అలాగే గామా కిరణం దింపిన గ్రే, ఆల్ఫా కణం దింపిన గ్రే శక్తిలో సమానమే అయినా, జీవకణానికి చేసే హానిలో సమానం కావు. ఆ హాని బరువు కలిపి కట్టిన లెక్కే ‘గ్రే-ఈక్వివలెంట్’. ‘తుల్య గ్రే’ అనవచ్చు. పై జవాబులో వదిలేసిన సంగతి ఒకటుంది: మన ఒంట్లోని నత్రజని, హైడ్రోజన్ కూడా న్యూట్రాన్లకు స్పందించి కొంత మోతాదును పుట్టిస్తాయి, అది ఆరోగ్యవంతమైన కణజాలానికీ అందుతుంది.

కనుక మెరుగుపరచడమంటే మొత్తం పెంచడం కాదు, కణితికీ పక్క కణజాలానికీ మధ్య తేడాను పెంచడం. చర్మాన్ని దాటి లోపలికి వెళ్ళాక నెమ్మదించే, ఒక మోస్తరు వేగం గల ఎపిథర్మల్ న్యూట్రాన్లను ఎంచుకోవడం, బోరాన్ కణితిలో ఎక్కువగానూ రక్తంలో తక్కువగానూ ఉండగా కిరణాన్ని పంపడం, చీలిక సమయంలో లిథియం వెలువరించే 478 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల గామా కిరణాన్ని బయటినుంచి పట్టి లోపల ఎంత జరిగిందో కొలవజూడడం, ఇవన్నీ ఆ మాటలోకే వస్తాయి. ఇందులో మూడవది ‘అందించడం’ కానేకాదు, అందిందో లేదో చూసుకోవడం.

ప్రశ్న అడిగినవారు:
వాక్యాన్ని ఇలా మార్చాను: ‘కణితికి ఎక్కువగానూ, చుట్టుపక్కల కణజాలానికి తక్కువగానూ మోతాదు అందేలా చూడడం.’ పొడవు పెరిగింది గాని, అత్తగారు ఈసారి రేషను దుకాణం మాట ఎత్తలేదు. ‘కణితి’ బదులు ‘గడ్డ’ అని రాయమన్నారు. దాని మీద మీ అభిప్రాయం చెప్పగలరు.