అటాక్సియాకి డీబీఎస్ ఆపరేషన్ పనిచేస్తుందా?

గుంటూరు తమ్ముడు:
మా అన్నయ్యకి 44. రెండేళ్లుగా నడుస్తుంటే తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. మొన్న బ్రాడీపేటలో ఎవడో చూసి "పొద్దున్నే వేసేశాడు" అన్నాడు, ఆయన జన్మలో మందు ముట్టలేదు. స్కాన్‌లో చిన్నమెదడు కుంచించుకుపోయిందని, అటాక్సియా అని రాశారు. మా బంధువు ఒకాయన పార్కిన్సన్స్‌కి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడులో తీగలు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్) చేయించుకుని ఇప్పుడు కాఫీ ఒలక్కుండా తాగుతున్నారు, అది చూసి వదిన పొలం అమ్మైనా చేయిద్దామంటోంది. ఎవరైనా చేయించారా?

బెజవాడ మేనల్లుడు:
ముందు పొలం జోలికి వెళ్లకండి. మా మావయ్యదీ అటాక్సియానే, కాకపోతే ఆయనకి తూలడం కన్నా చేతుల వణుకు ఎక్కువ, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. డీబీఎస్ చేశారు. మెదడు లోపల థాలమస్ అనే చోటికి సన్నటి తీగలు పంపి, ఛాతీపైన చర్మం కింద బ్యాటరీ పెడతారు, ఆ కరెంటు వణుకు పుట్టించే సంకేతాల్ని అదుపు చేస్తుంది. వణుకు బాగా తగ్గింది, ఇప్పుడు తనే కలుపుకుని తింటున్నాడు. నడక మాత్రం అలాగే ఉంది, గోడ పట్టుకునే తిరుగుతాడు. పైగా కరెంటు కాస్త ఎక్కువ పెడితే మాట తడబడి తూలు పెరిగేది, మళ్లీ వెళ్లి తగ్గించుకొచ్చాం.

న్యూరో వార్డు నర్సు:
పార్కిన్సన్స్, వణుకు జబ్బులకి ఇది బాగా స్థిరపడిన చికిత్స, అమెరికాలో వణుకుకి 1997లోనే అనుమతి వచ్చింది. అటాక్సియాలో తూలుకి అలా కాదు, చిన్నమెదడులోనే తీగలు పెట్టి చూడటం ఇంకా పరిశోధన దశలో ఉంది. అరిగిపోయిన కణాల్ని కరెంటు తిరిగి తేలేదు కదా. ముందు కారణం తేల్చుకోండి. బీ12, విటమిన్ ఈ, థైరాయిడ్ చూశారా? ఫిట్స్‌కి ఫెనిటాయిన్ ఏమైనా వాడతారా? ఇలాంటివైతే మందులతోనో, ఆ ఫిట్స్ మందు మార్చితేనో లొంగే అవకాశం ఉంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

గుంటూరు తమ్ముడు:
ఫిట్స్ లేవు, బీ12 ఒక్కటే చూశారు, బాగానే ఉందట. మీరడిగాక గుర్తొచ్చింది, నాన్న కూడా చివర్లో ఇలాగే తూలేవారు, వాతం అనుకుని తైలాలు రుద్దాం. అన్నయ్యకి వణుకు అసలు లేదు.

న్యూరో వార్డు నర్సు:
అయితే జన్యు పరీక్ష అడగండి, ఎస్‌సీఏ (వంశపారంపర్యంగా వచ్చే అటాక్సియా) రకాలు చూస్తారు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో దీనికి అనుభవం ఉంది. అదే అని తేలితే ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగం ఉంటుంది, అందుకే పరీక్షకి ముందు కౌన్సెలింగ్ చేయించుకోండి, చిన్నపిల్లలకి తొందరపడి చేయించకండి. వణుకే లేనప్పుడు ఆ ఆపరేషన్ వల్ల మీ అన్నయ్యకి ఒరిగేది పెద్దగా ఉండదు.

బెజవాడ మేనల్లుడు:
ఈలోపు ఫిజియోథెరపీ మొదలెట్టండి, బ్యాలెన్స్ వ్యాయామాలు రోజూ చేయాలి, మానేస్తే వారంలో తేడా తెలిసిపోతుంది మావయ్యకి. బాత్రూమ్‌లో గోడకి రాడ్ పెట్టించండి. మేం మావయ్య పడ్డాక పెట్టించాం.

గుంటూరు తమ్ముడు:
రాడ్ ఈరోజే పెట్టిస్తా. పొలం సంగతి వదినకి చెప్పాలి, అదే టెన్షన్.