నాందేడ్ నుండి అమృత్‌సర్: అమ్మతో రెండు రోజులు చాలునా?

ప్రశ్న (ధర్మాబాద్): నాందేడ్‌లోని సిక్కుల గురుద్వారా హుజూర్ సాహిబ్‌కు తరచుగా వెళ్లే మా అమ్మగారికి స్వర్ణ దేవాలయం చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి రెండు రోజులుండి రావాలనుకుంటున్నాము. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏవి చూడగలరో దయచేసి తెలియజేయండి.

జవాబు (నాందేడ్): తమ్ముడూ, తప్పక తీసుకువెళ్లండి. బండి మరునాటి రాత్రికి చేరుతుంది కనుక ఆ రాత్రి విశ్రాంతి తీసుకుని, తెల్లవారుజామున, కొలను నీటిలో గుడి దీపాల బంగారు నీడ కదులుతుండగానే దర్శనానికి వెళ్లండి. లోపలికి మెట్లు దిగవలసి ఉంటుంది, అమ్మగారి చేయి వదలకండి. తలపై కొంగు కప్పుకోవాలి. ద్వారం వద్ద పారే నీటిలో పాదాలు తడుపుకొని వెళ్లాలి. లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే శాలలో, రొట్టెను రెండు చేతులూ చాపి అందుకోవడం అక్కడి మర్యాద.

జవాబు (బిలోలి): అక్కడికి దగ్గరలోనే జలియన్‌వాలా బాగ్ ఉంది. 1919 ఏప్రిల్ 13న కాల్పులు జరిగిన ఆ తోటలో, గోడలపై గుండ్ల గుర్తులను ఇప్పటికీ చూడవచ్చు. నేను వాటి ముందు చాలాసేపు కదలలేకపోయాను. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని అట్టారీ వద్ద, పాకిస్తాన్ సరిహద్దులో జరిగే సైనిక కవాతుకు మాత్రం జనం రద్దీ, మెట్ల ఎక్కుడు ఎక్కువ. నా మాటగా, అది మానుకొని రెండవ ఉదయం కూడా గుడిలోనే గడపండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అట్టారీ మానుకుంటున్నాము, రేపే టికెట్లు తీసుకుంటాను.