పాత బిద్రీ సామానుకు మళ్ళీ నలుపు పెట్టించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

హుక్కాబుడ్డి:
గంట ఆకారపు బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే బీదరు పని) హుక్కా అడుగు, అంటే నీళ్ళుండే కింది బుడ్డి గురించి అడుగుతున్నాను. బంతిలాంటి బుడ్డి కాదు కాబట్టి 17వ శతాబ్దపుది అయ్యే అవకాశం తక్కువ. నల్లగా ఉండాల్సిన నేల (పూల వెనకుండే లోహం) బూడిదరంగుకు తిరిగింది. వెండి పూలు, వెనక నేల దాదాపు ఒకే రంగులో కలిసిపోయాయి. మెడ దగ్గర రెండుచోట్ల తెల్లటి పొడి లేస్తోంది, ఒక ఆకు వెండి ఊడిపోయింది. అమ్మిన వర్తకుడు "బీదరు పంపండి, కొత్తదానిలా వస్తుంది" అంటున్నాడు. పంపవచ్చా?

లోహరక్షణ:
పంపకండి. "కొత్తదానిలా" అన్న మాటే ప్రమాదం. పని ఉప్పు కాగితం (శాండ్‌పేపర్)తో మొదలవుతుంది. నేల సమంగా నల్లబడాలంటే పాత పొర మొత్తం గీకేయాలి. ఆ గీకుడులో నేలతోపాటు వెండీ అరుగుతుంది. తార్‌కషీ పనిలో వెండి సన్నటి తీగ, తహ్‌నిషాన్‌లో పలుచటి రేకు. పువ్వు రేకుల మీద ఉలితో గీసిన ఈనెలు ముందు చెరిగిపోతాయి, తర్వాత అంచులు మొద్దుబారతాయి. నలుపును మళ్ళీ తేవచ్చు, ఆ ఈనెలను తేలేం. వస్తువు ఏ కాలందో, ఎంత మంచి చేతి పనో చెప్పేవి అవే.

సుత్తి_ఉలి:
లోహరక్షణ గారూ, గీకుడు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే నలుపునే ముట్టుకోకూడదన్నట్టు మాట్లాడితే బిద్రీ పని ఎలా జరుగుతుందో పక్కన పెట్టినట్టే.

బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింక్, కొద్దిగా రాగి. కార్ఖానాల్లో మామూలుగా చెప్పే లెక్క 16 పాళ్ళకు 1. ఇసుక అచ్చులో పోతపోసి, ఆకురాయి పట్టి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళతో తాత్కాలికంగా నలుపు చేస్తారు. అది ఉలి గీత కనబడటానికే. తర్వాత చెక్కడం, వెండి పొదగడం, సాపు చేయడం. అసలు నలుపు ఆఖరున వస్తుంది. వస్తువును కొద్దిగా వేడిచేసి, బీదరు కోటలో ఎండ వాన తగలని చోటి మట్టిని నవసాగరంతో (అమ్మోనియం క్లోరైడ్), నీళ్ళతో కలిపి రుద్దుతారు. జింక్ పైపైన కరిగి, రాగి ఎక్కువున్న పొర మిగిలి నల్లబడుతుంది. రాగి లేని వట్టి జింక్‌కు ఈ నలుపు రాదు. వెండిని ఆ ముద్ద ఏమీ చేయదు, అందుకే తెలుపు నలుపు అంత స్పష్టంగా విడిపోతాయి.

అంటే నలుపు పనివాడు కావాలని ఇచ్చిన ముగింపు. వాడకంలో అరిగితే మళ్ళీ పెట్టించుకోవడం బిద్రీ వాడే ఇళ్ళల్లో మామూలే. బూడిదరంగులో వదిలేసిన హుక్కా అడుగును చూస్తే దాన్ని చేసినవాడు ఏం చూపించదలచాడో మనకు తెలియదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో నలుపు నిలిచిన వస్తువుల ముందు కాసేపు నిలబడితే నా మాట అర్థమవుతుంది.

లోహరక్షణ:
మంచి వాదన. అయినా ఈ వస్తువుకు ఒక చిక్కుంది. తెల్ల పొడి అంటే జింక్ తుప్పు. దానిమీద నవసాగరం పెడితే గుంటల్లో క్లోరైడ్ మిగిలి, తేమ తగిలినప్పుడల్లా తినేస్తుంది. పైన నల్లగా, లోపల గుల్ల. ముందు తుప్పు ఆగాలి.

భూతద్దం కింద వెదురు పుల్లతో పొడిని గీకి తీయండి. ఇనుప మొన వద్దు. శుద్ధజలం, ఆల్కహాల్ సగం సగం కలిపి దూదిపుల్లతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. వెండి నల్లబడిన చోట మాత్రమే మెత్తటి సుద్దపొడి (అవక్షేపిత కాల్షియం కార్బొనేట్) అదే ద్రవంలో ముద్దచేసి, దూదిపుల్లతో పువ్వు లోపలే తిప్పండి. అంచు దాటితే నేల నలుపు లేచిపోతుంది. గాడిలో ఇరుక్కున్న సుద్దను ఆరకముందే తీసేయాలి.

ఇంత చేశాక చాలాసార్లు నలుపు పెట్టాల్సిన అవసరమే కనబడదు. బూడిదరంగులో సగం, ఏళ్ళ తరబడి పేరుకున్న నూనె జిడ్డు, దుమ్ము.

సుత్తి_ఉలి:
అది నిజమే. జిడ్డు తీయకుండా ముద్ద రుద్దినా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఎవరైనా చింతపండు పెట్టి తోమి నేలను పూర్తిగా తెల్లగా చేసేసి ఉంటే మాత్రం నలుపు పెట్టించడమే న్యాయం. అప్పుడు మూడు షరతులు ముందే చెప్పండి: ఉప్పు కాగితం వద్దు, మోటారు బఫ్ (మెరుగుపెట్టే చక్రం) వద్దు, ముద్దను ముందు అడుగుభాగం లోపలివైపు పరీక్షించాలి. నీళ్ళు మార్చి మార్చి కడిగి, వెచ్చగా ఆరబెట్టాలి. ఒప్పుకోని పనివాడికి ఇవ్వకండి. పంపేముందు ప్రతి పువ్వునూ పక్కవెలుగులో ఫొటో తీసి, బరువు తూచి పెట్టుకోండి.

తీరవాసి:
విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళకు: ఉప్పుగాలికి జింక్ ఆగదు. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. అల్మరాల జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా తినేస్తుంది. గాజు, స్టీలు అర మేలు, సిలికా జెల్ పెట్టి తేమను 50 శాతం లోపు ఉంచండి. హుక్కా అడుగులో నీళ్ళు పోసి పూలు పెట్టే అలవాటు మానాలి, లోపలినుంచి గుల్లవుతుంది. వెండి మెరుపుకని అల్యూమినియం రేకు, సోడా వేసిన వేడినీళ్ళలో ముంచే చిట్కా బిద్రీకి విషం. జింక్ ఆమ్లానికీ కరుగుతుంది, క్షారానికీ కరుగుతుంది.

పూతకు కొబ్బరినూనె రుద్దాలా, మైనమా?

సుత్తి_ఉలి:
కొబ్బరినూనె. కార్ఖానాలో అదే రుద్దుతారు, నలుపు లోతు తేలుతుంది.

లోహరక్షణ:
కొత్త వస్తువుకు సరే. పాతదానికి వద్దు. నూనె ముక్కి జిగటగా మారి దుమ్ము పట్టిస్తుంది, దాని ఆమ్లాలు లోహాన్ని తింటాయి. మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నరవ్వ మైనం) పలుచగా పట్టించి మెత్తటి నూలుబట్టతో రుద్దండి. నేల లోతుగా నల్లబడ్డట్టు కనిపిస్తుంది, కావాలంటే టర్పెంటైన్‌తో తీసేయవచ్చు.

డాలస్_తెలుగు:
మా అమ్మమ్మ బిద్రీ పాన్‌దాన్ ఇక్కడికి తెచ్చుకోవచ్చా? బాగుచేయిస్తే పాతదనం లెక్కలోకి రాదంటున్నారు.

హుక్కాబుడ్డి:
తప్పుడు సలహా అండీ. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు నిండిన కళావస్తువును వ్యక్తులు దేశం దాటించకూడదు. బాగుచేయించినంత మాత్రాన వయసు మారదు. 100 ఏళ్ళ లోపుదైతే, పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకుని తెచ్చుకోండి.

నా హుక్కాకు ముందు శుభ్రం, ఆపైన మైనం. నలుపు ఇప్పుడు పెట్టించను. ఊడిన ఆకు మాటేమిటి?

సుత్తి_ఉలి:
వెండితో నింపించండి. ఖాళీ గాడి పక్క రేకులు కూడా అక్కడినుంచే లేస్తాయి.

లోహరక్షణ:
పక్క రేకు కదులుతుంటే దాన్ని మాత్రం జిగురుతో నిలపండి. ఖాళీ గాడిని వదిలేయండి. ఉలి ఎంత లోతు దిగిందో, గాడి గోడను పనివాడు ఎంత లోపలికి వాల్చాడో కనిపించే చోటు మొత్తం వస్తువులో అదొక్కటే. దాన్ని మూసేస్తే పనివాడి చేతిని చదివే వీలు పోతుంది.

సుత్తి_ఉలి:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. గాడి కొలతలు, ఫొటోలు తీసిపెట్టి నింపవచ్చు. కొత్త వెండి వెనక ఆ ఏడాది చెక్కితే తర్వాతివాళ్ళు మోసపోరు.