శాంటోరినిలో ఐదు గంటలే: ఓడవాళ్ల టూరా, సొంతంగానా?

ప్రశ్న: సెప్టెంబర్‌లో అమ్మానాన్నలతో క్రూజ్‌కి వెళ్తున్నాం. గ్రీసు దీవి శాంటోరినిలో ఆగేది ఐదు గంటలే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అదే టెన్షన్. గైడ్ టూర్ తీసుకోమంటారా?

జవాబు 1: అమ్మగారు ఉన్నారు కాబట్టి తీసుకోండి. అక్కడ పెద్ద ఓడలు రేవుకు ఆనవు, నీళ్లలోనే ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. సొంతంగా వెళ్లేవాళ్లు దిగేది ఫిరా ఊరి కింద పాత రేవులో, పైకి వెళ్లాలంటే కేబుల్ కారో 588 మెట్లో దిక్కు, ఒకేరోజు నాలుగు ఓడలొస్తే ఆ క్యూ ఎండలో ఎంతకీ కదలదు. టూర్‌వాళ్లని మామూలుగా అథినియోస్ రేవులో దింపి అక్కడే బస్సెక్కిస్తారు.

జవాబు 2: నిజమే, కానీ చాలా టూర్లు చివర్లో ఫిరాలో వదిలేస్తాయండి, కిందికి దిగడం మన పనే. ఆఖరి పడవకి గంటన్నర ముందే కేబుల్ కార్ లైన్లో నిలబడండి. ఆ మెట్ల మీద మనుషుల్ని మోసే గాడిదలు మాత్రం ఎక్కొద్దు. మెట్ల రాళ్లు నున్నగా అరిగిపోయి పేడతో జారుతుంటాయి, ఆ మూగజీవాలకీ నరకమే.

జవాబు 3: దీవిలోనే ఉన్న ఓయా ఊరు ఫొటోలకి బాగుంటుంది గానీ అక్కడ మెట్లు, జనం ఎక్కువ. మీకైతే అక్రోతిరి టూర్ నయం. సుమారు 3,600 ఏళ్ల కింద అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఊరు, రెండంతస్తుల ఇళ్లు, పెద్దపెద్ద మట్టి కాగులు ఇప్పటికీ కనిపిస్తాయి. మొత్తం కప్పు కిందే, ఎండ తగలదు. గైడ్ చెప్తేనే అర్థమయ్యే చోటు అది.