అప్‌డేట్: నగరపు వాడుక మాటలు, షార్ట్ ఫారాలు ఇప్పుడు అర్థమవుతున్నాయి

పెద్ద నగరానికి కొత్తగా వచ్చిన నాకు ఇక్కడివారి వాడుక మాటలు, షార్ట్ ఫారాలు అర్థం కావడం లేదనీ, వాటిని నేర్చుకునే మార్గం చెప్పమనీ ఇదివరకు అడిగాను. జాబితాలు బట్టీ పట్టకుండా, విన్న మాటను పూర్తి వాక్యంతో సహా, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకోమని మీలో కొందరు ఇచ్చిన సలహాయే అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. స్నేహితుల మధ్య చనువుగా చెల్లే మాట పెద్దవారి ముందు మర్యాదగా ఉండదన్న సంగతి ఆ నోట్సు తిరగేసినప్పుడే స్పష్టంగా తెలిసింది.

షార్ట్ ఫారాల ఇబ్బంది వేరు. 'పీఓ' అంటే కొనుగోలు విభాగంవారికి పర్చేజ్ ఆర్డర్, బ్యాంకువారికి ప్రొబేషనరీ ఆఫీసర్, సాఫ్ట్‌వేర్ బృందానికి ప్రోడక్ట్ ఓనర్. అందుకే ఊహించుకోకుండా "పూర్తి పేరేమిటండీ?" అని అక్కడికక్కడే అడుగుతున్నాను, ఎవరూ విసుక్కోలేదు సరికదా, చెప్పేవారికే అది గుర్తులేని సందర్భాలూ ఉన్నాయి. కూడళ్ల పొట్టిపేర్లు మాత్రం బస్సులో విని విని వాటంతట అవే వచ్చేశాయి.

చనువు మాటలు వినగానే అర్థమవుతున్నా, ఏ మాటను ఏ స్వరంతో అనాలో పూర్తిగా పట్టుబడేవరకు నా నోట వాడకూడదని నిర్ణయించుకున్నాను. ఓపికగా సమాధానాలు రాసిన అందరికీ కృతజ్ఞతలు.