అడెల్ ‘21’ నిజంగా అంత గొప్ప ఆల్బమా, బ్రేకప్ అయినవాళ్ళకే ఎక్కుతుందా?

గట్టుమీద_కుర్రోడు

అందరికీ నమస్తే. నేను ఇంగ్లిష్ పాటలు పెద్దగా వినను. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఎప్పుడు చూసినా అడెల్ అడెల్ అంటుంటే సరే చూద్దామని ఆ బ్రిటిష్ గాయని రెండో ఆల్బమ్ ‘21’ పెట్టుకుని విన్నా. గొంతు అదుర్స్, అందులో మాట లేదు. కానీ ఉన్న 11 పాటల్లో సగానికి పైగా ‘వాడు వెళ్ళిపోయాడు, నేనిలా మిగిలిపోయాను’ అన్న గోలే కదా, కొన్ని పాటలయ్యేసరికి తల బరువెక్కింది. దీనికేమో ఆరు గ్రామీ అవార్డులు, అమెరికా చార్టులో 24 వారాలు నంబర్ వన్, ప్రపంచం మొత్తం మీద 3 కోట్ల కాపీలకి పైనే అమ్ముడైందట. విరహం పాటలు మనకేమైనా కరువా? ఇందులో నాకు పట్టుబడనిది ఏముందో తెలిసినవాళ్ళు చెప్పండి. ‘ఫీల్ అవ్వాలి బ్రో’ లాంటి జవాబులు మాత్రం వద్దు.

కీబోర్డ్_మావయ్య

తమ్ముడూ, మాటలు పక్కన పెట్టి చివరి పాట ‘సమ్‌వన్ లైక్ యూ’ ఒక్కటే మళ్ళీ విను. అందులో ఉన్నది పియానో, గొంతు, అంతే. డ్రమ్ లేదు, బేస్ గిటార్ లేదు, వయొలిన్లు లేవు. పియానో కూడా కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మొత్తం ఒకేసారి నొక్కకుండా స్వరాలు విడగొట్టి ఆగకుండా తిప్పుతూనే ఉంటుంది. కింద బేస్ స్వరం ఎ, జి షార్ప్, ఎఫ్ షార్ప్ అని మెట్టు మెట్టు దిగి డి దగ్గరకి వెళ్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నేర్చుకునే పిల్లలు కూడా వారం రోజుల్లో వాయించేస్తారు, అంత తేలిక. ఆ తేలికలోనే కిటుకంతా ఉంది. చరణంలో ఆమె దాదాపు మాట్లాడుతున్నట్టు కింది స్థాయిలో పాడుతుంది, పల్లవికి వచ్చేసరికి గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది, పియానో మాత్రం ఆమెతో పాటు ఎగరదు, దాని పని అది చేసుకుపోతుంది. అదే మన సినిమా పాటైతే సరిగ్గా అక్కడే వంద వయొలిన్లు దించి ‘ఇప్పుడు ఏడవండి’ అని చెప్పేస్తాం. (నేనూ ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.)

ఆ పాట డాన్ విల్సన్ అనే ఆయనతో కలిసి రాసింది, పియానో ఆయనదే. రెండు రోజుల్లో డెమోగా, అంటే నమూనాగా రికార్డు చేసుకున్నదే దాదాపు అలాగే ఆల్బమ్‌లోకి ఎక్కింది. మొదటి పాట ‘రోలింగ్ ఇన్ ద డీప్’ సంగతీ అంతే, అందులో మనం వినేది డెమోలో పాడిన గొంతే. విడిపోయిన మర్నాడు ఆమె స్టూడియోకి వెళ్ళి ఏడుపు పాట రాద్దామంటే, నిర్మాత పాల్ ఎప్‌వర్త్ కాదు, కోపంగా రాయి అని పట్టుబట్టాడట. ఆ ధబధబ దరువు వినపడుతుంది చూడు, అందులో చెక్కమెట్ల మీద కాళ్ళతో తొక్కిన చప్పుడు కూడా కలిసింది. మళ్ళీ తీరిగ్గా కూర్చుని శుభ్రంగా పాడించి ఉంటే ఆ వేడి వచ్చేది కాదని నా నమ్మకం.

హెడ్‌ఫోన్_హనుమంతు

మావయ్య గారు చెప్పింది ఆ రెండు పాటలకీ నూటికి నూరు పాళ్ళు నిజం, ఆల్బమ్ మొత్తానికి మాత్రం నేను ఒప్పుకోను. ‘సెట్ ఫైర్ టు ద రెయిన్’ వినండి, ఆమె గొంతు ఒక్కటే చాలు అనుకునే చోట వాద్యాలన్నీ వచ్చి మీద పడతాయి. ఫోన్ స్పీకర్‌లో బాగానే ఉంటుంది కానీ మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే చెవి అలసిపోతుంది, సౌండ్ అంతా పైకి నెట్టేసి చిన్నదీ పెద్దదీ ఒకే ఎత్తుకి తెచ్చేశారు. ఇంత మంచి గొంతుకి ఇంత గట్టి మాస్టరింగ్ (చివర్లో సౌండ్‌ని సరిచేసే పని) ఎందుకో నాకైతే అర్థం కాదు.

కొన్ని పాటలయ్యేసరికి తల బరువెక్కిందని నువ్వన్నది కూడా తప్పేం కాదు బ్రో. ఇది ఒక్కరి చేతి మీద నడిచిన ఆల్బమ్ కాదు. అమెరికాలోని మాలిబులో నిర్మాత రిక్ రూబిన్‌తో చాలా పాటలే రికార్డు చేశారు, తర్వాత ఆమెకి వాటిలో చాలావరకు నచ్చక నాలుగే ఉంచి మిగతావి వేరేవాళ్ళతో చేసినవి పెట్టింది. ఆ అతుకులు కనిపిస్తాయి. అయితే ఆ నాలుగింటిలో ‘డోంట్ యూ రిమెంబర్’ మాత్రం వదలకు. అంతకుముందు అమెరికా టూర్‌లో బస్సు డ్రైవరు ఆమెకి కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీవి) అలవాటు చేశాడట, ఆ వాసన ఇందులో తెలుస్తుంది. ‘లవ్‌సాంగ్’ కూడా. అది ద క్యూర్ వాళ్ళ 1989 నాటి పాట, అమ్మకి ఇష్టమైన బ్యాండ్ అని పాడింది, నింపాదిగా బ్రెజిల్ వాళ్ళ బోసానోవా నడకలో. ఏడుపు లేని పాట కావాలంటే అదే.

సరిగమ_శైలు

నాదో చిన్న మాట. ఈవిణ్ణి అందరూ ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ కూర్చునే మనిషి అనుకుంటారు, 2011 సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చేసిన కచేరీ వీడియో చూస్తే తెలుస్తుంది, పాటకీ పాటకీ మధ్య పకపకా నవ్వుతూ, బూతులు మాట్లాడుతూ, అదంతా ఒక సంత. మళ్ళీ పాట అందుకుంటే హాలంతా నిశ్శబ్దమైపోతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల్లో (బ్రిటన్ సంగీత అవార్డులు) ఒక్క పియానోతో ‘సమ్‌వన్ లైక్ యూ’ పాడింది, చివర్లో ఆమెకే కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆ దెబ్బకి పాట బ్రిటన్‌లో నంబర్ వన్‌కి వెళ్ళిపోయింది.

నేను సంగీతం పాఠాలు చెప్తాను కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. అలా ఛాతీ నుంచి తోసి పై స్థాయిలో పాడటం వినడానికి బాగుంటుంది కానీ గొంతుకి చాలా కష్టం. ఆ అక్టోబర్‌లో స్వరతంత్రిలో రక్తం చిమ్మి టూర్ రద్దు చేసుకుంది, నవంబర్‌లో బోస్టన్‌లో ఆపరేషన్ జరిగింది. 2012 ఫిబ్రవరి గ్రామీల్లో మళ్ళీ మొదటిసారి నోరు విప్పింది, ఆ రాత్రే ఆరుకి ఆరు పట్టుకెళ్ళింది. నా దగ్గరకి వచ్చే పిల్లలు ఆమెలా పాడాలని మొదటి రోజే గొంతు చించుకుంటారు. ముందు మంద్రంలో నిలబడి పాడరా నాయనా అంటే వినరు.

రేడియో_రాత్రి

ఒక్క ప్రశ్న. షఫుల్‌లో, అంటే పాటల వరస కలిపేసి విన్నారా ఏంటి? ఇది కోపంతో మొదలై, బతిమాలుకుని, చివరికి ‘సరే, నువ్వు బాగుండు’ అనే దగ్గర ఆగుతుంది. అతనికి ఇంకొకరితో నిశ్చితార్థం అయిందని తెలిశాక, తిట్టి తిట్టి తనకే విసుగొచ్చి రాసుకున్న పాట ఆ చివరి ‘సమ్‌వన్ లైక్ యూ’. దాన్ని మూడో పాటగా వింటే ఏముంటుంది చెప్పండి. 2021లో ఆమె ‘30’ ఆల్బమ్ వచ్చినప్పుడు ఆమె అడిగిందనే స్పాటిఫై యాప్ వాళ్ళు ఆల్బమ్ పేజీలో ముందు కనిపించే బటన్‌లోంచి షఫుల్ తీసేశారు.

గట్టుమీద_కుర్రోడు

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మావయ్య గారూ, మీరు చెప్పాక విన్నా, ఆ దిగే బేస్ ఇప్పుడు స్పష్టంగా వినపడుతోంది, వద్దనుకున్నా చెవి దాని మీదకే పోతోంది. హనుమంతు అన్నా, ‘సెట్ ఫైర్’ మీద నీ మాట నేను ఒప్పుకోను, నాకు నచ్చిందే అది. రేడియో గారూ, అవును, షఫులే. ఈసారి వరసలో వింటాను కానీ ‘హీ వోంట్ గో’ వస్తే మాత్రం దాటేస్తా, చాలా సాగుతోంది. శైలు గారూ, ఆ ఆల్బర్ట్ హాల్ వీడియో పూర్తిది ఎక్కడ దొరుకుతుంది?