మతిమరుపు జబ్బున్న అమ్మకి కోవిడ్ వస్తే వార్డులో ఒంటరిగా వదలాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

బరంపురం కోడలు

మాది బరంపురం, పెద్దబజారు వైపు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా అత్తగారికి 2018లో అల్జీమర్స్ అని తేల్చారు. 2021 మే నెలలో, రెండో వేవ్ జోరు మీద ఉన్నప్పుడు, ఆవిడకి పాజిటివ్ వచ్చింది. ఆక్సిమీటర్ 92, 93 చూపించేది. డాక్టరు గారు చేర్చమన్నారు. వార్డులోకి తోడు ఎవరినీ రానివ్వరన్నారు.

మేం చేర్చలేదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, కాన్‌సెంట్రేటర్, ఒకటి అద్దెకు దొరికింది. డాక్టరు ఫోన్లో మందులు చెప్పారు. నేనూ మా ఆయనా వంతులేసుకుని కూర్చున్నాం. ఆవిడ బతికింది. కానీ ఆ జ్వరం తర్వాత మాట పోయింది, నడక పోయింది. మంచం మీదే ఉండి 2023లో వెళ్ళిపోయింది.

మా ఆడపడుచు విశాఖలో ఉంటుంది. తద్దినానికి వచ్చిన ప్రతిసారీ అదే మాట: "సమయానికి ఆసుపత్రిలో వేసి ఉంటే అమ్మ నడిచేది. ఖర్చుకి వెనకాడారు." నాకు ఓదార్పు అక్కర్లేదు. అడిగేది ఒకటే. దాహం వేస్తోందని కూడా చెప్పలేని మనిషిని, ముఖాలు కనిపించని వాళ్ళ మధ్య వదిలేసి రావడాన్ని వైద్యం అనాలా? మళ్ళీ అలాంటిదే వస్తే మీరైతే ఏం చేస్తారు?

గుణుపురం మాస్టారు

అమ్మా, కోపం తెచ్చుకోకు. నువ్వు చేసిన సేవని ఎవరూ కాదనరు. కానీ అప్పటి ప్రభుత్వ వైద్య సూచనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉంటే వార్డులో చేర్చాలి, 90 కంటే తగ్గితే ఐసీయూ. మతి ఉన్నవాళ్ళకి ఒక లెక్క, లేనివాళ్ళకి ఇంకో లెక్క అని అందులో రాయలేదు. ఊపిరితిత్తులకి మతితో పనేముంది?

మా నాన్నగారికి రెండుసార్లు పక్షవాతం వచ్చాక మతి తప్పింది. 2020 ఆగస్టులో కోవిడ్ వస్తే చేర్చాం. అక్కడున్నన్నాళ్ళు ఆయన ఏం పడ్డారో నాకు తెలీదు. తిరిగొచ్చాక నన్ను "కాంపౌండరు గారూ" అని పిలిచేవారు. పిలవడానికి మనిషంటూ మిగిలారు కదా. ప్రేమ పేరు చెప్పి ఆక్సిజన్ ఆపేసే హక్కు మనకి లేదని నా అభిప్రాయం.

బరంపురం కోడలు

మాస్టారూ, ఆక్సిజన్ ఆపలేదండీ. ఇంట్లోనే పెట్టాం.

పాతకాలం మనిషి

ముసలితనంలో మతిమరుపు సహజం. మా తాతకీ ఉండేది, ముత్తాతకీ ఉండేది. ఎవరూ ఇంత హడావిడి చేయలేదు. వయసైపోయిన వాళ్ళని ఇంట్లో ప్రశాంతంగా పోనివ్వాలి. ఇప్పుడు ప్రతిదానికీ ఒక ఇంగ్లీషు పేరు పెట్టి టెన్షన్ పడుతున్నారు.

రాయగడ మందుల షాపు

సహజమైతే అందరికీ రావాలి కదండీ. మన దేశంలో అరవై దాటిన వాళ్ళ మీద చేసిన పెద్ద సర్వే ప్రకారం ఈ జబ్బు నూటికి 7.4 మందికి ఉంది, అంటే సుమారు 88 లక్షల మందికి. మిగతా వాళ్ళు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, అంతే. కళ్ళజోడు ఎందుకన్నది మర్చిపోరు. పైగా బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతి మందగిస్తుంది. అవి మందులకి లొంగేవి. "సహజం" అని వదిలేస్తే అవీ నయం కాకుండా పోతాయి.

అసలు విషయానికి వస్తాను. ఇంట్లో ఉంచుకోవడాన్ని ఇక్కడ అందరూ మెచ్చుకుంటారని తెలుసు కాబట్టి రెండో వైపు చెబుతాను. ఆ రోజుల్లో మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాట: "మామ్మ రాత్రంతా అరుస్తోంది, నిద్రమాత్ర ఏదైనా ఇవ్వండి." ఆయాసపడుతున్న ముసలి మనిషికి నిద్రమాత్ర వేస్తే అరుపుతో పాటు ఊపిరీ మందగిస్తుంది. అలజడి తగ్గడానికి రాసే కొన్ని మానసిక మందుల్ని ఈ జబ్బున్న పెద్దవాళ్ళకి వాడితే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టింది. అవసరమైతే డాక్టరు చూసి తక్కువ మోతాదులో వాడతారు, అది వేరు. పక్కింటాయన చీటీ చూపించి అడిగేది వేరు.

స్టెరాయిడ్ సంగతీ అంతే. డెక్సామెథసోన్ పనిచేసేది ఆక్సిజన్ అవసరమైన వాళ్ళకే. వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసి మొదటి రోజు నుంచే మింగించినవాళ్ళు ఎంతమందో. సుగర్ పెరిగేది, రాత్రి నిద్ర పట్టేది కాదు, మతి ఇంకా చెదిరేది. దానికి మళ్ళీ నిద్రమాత్ర కోసం నా దగ్గరికి వచ్చేవారు. ఇంట్లో ఉంచడం తప్పనను. డాక్టరు లేకుండా ఉంచడం మాత్రం తప్పు.

విశాఖలో కూతురు

ఆ ఆడపడుచుని నేను కాను గానీ, ఆవిడ పరిస్థితే నాది. అమ్మ పర్లాకిమిడిలో తమ్ముడి దగ్గర ఉండేది. పక్కనున్న పాతపట్నం వస్తే మా ఆంధ్రానే. 2020లో ఆ సరిహద్దు దాటడానికి కాగితాలు, పాసులు, అవి దాటాక క్వారంటైన్. అమ్మని నేను చూసింది వీడియో కాల్‌లోనే. ఫోన్లో నా ముఖం చూపిస్తే టీవీలో మనిషనుకుని పక్కకి తిరిగిపోయేది.

అలా దూరాన ఉండిపోయిన వాళ్ళకి నిర్ణయాలన్నీ అయిపోయాకే కబురు వస్తుంది. "చేర్చలేదక్కా" అని చెప్పారు, "చేర్చమంటావా" అని అడగలేదు. ఖర్చు మాట అనడం మాత్రం ఆ ఆడపడుచుగారిదే తప్పు. కానీ ఒక్కటి అడుగుతాను, ఆ రోజు ఆవిడని అడిగారా?

ఇంకో సందేహం. అరవై దాటిన వాళ్ళకి 2021 మార్చి 1 నుంచే టీకా ఇచ్చారు కదా. మే నాటికి వేయించలేదా?

బరంపురం కోడలు

అడిగాం వదినగారూ. రాత్రి పదకొండింటికి మా ఆయన ఫోన్ చేశారు. "మీ ఇష్టం అన్నయ్యా, దగ్గరున్నది మీరు" అంది. తర్వాత ఆ మాట ఆవిడకి గుర్తు లేదు. అత్తగారి జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుందేమో అని మా ఆయన హాస్యమాడితే పెద్ద గొడవైంది.

టీకాకి తీసుకెళ్ళాం. లైన్లో మాస్కులు వేసుకున్న జనాన్ని చూసి ఆవిడ కేకలు పెట్టింది, ఆటో దిగిన చోటుకే పరుగెత్తింది. ఇంటికొచ్చి వేయమని బతిమాలితే రూల్ లేదన్నారు. మంచం దిగలేని వాళ్ళకి ఇంటి దగ్గర వేయొచ్చని కేంద్రం చెప్పింది ఆ ఏడాది సెప్టెంబరులో. మాకు అప్పటికే అంతా అయిపోయింది.

కోవిడ్ వార్డు నర్సు

గంజాం జిల్లాలోనే ఒక కోవిడ్ వార్డులో రెండు వేవ్‌లూ డ్యూటీ చేశాను. మాది ఇచ్ఛాపురం వైపు, అందుకే తెలుగు. మాస్టారు గారు "అక్కడ ఏం పడ్డారో తెలీదు" అన్నారు కాబట్టి లోపల ఏం జరిగేదో చెబుతాను.

మతి సరిగా లేని పెద్దాయనకి ఆక్సిజన్ మాస్క్ పెడతాం. అటు తిరిగేసరికి తీసి మెడ కింద పెట్టుకుంటారు. ఎందుకు పెట్టామో తెలీదు, ఊపిరాడనివ్వకుండా ఎవరో నోరు మూస్తున్నారని భయం. సెలైన్ సూది పీకేస్తారు, దుప్పటి నిండా రక్తం. బోర్లా పడుకోమంటే దెబ్బలాట. పక్క మంచం మీద మనిషికి ఊపిరి అందట్లేదు, నేను అటు పరుగెత్తాలి. చివరికి గాజుగుడ్డతో చేతులు మంచానికి కడతాం. కట్టకపోతే మాస్క్ ఉండదు. కడితే గింజుకుంటారు, ఆయాసం ఇంకా పెరుగుతుంది. చేరిస్తే ఆక్సిజన్ అందుతుందన్న మాట కాగితం మీద నిజం. వీళ్ళ విషయంలో అందడం అంటే పక్కన ఒక మనిషి కూర్చుని చెయ్యి పట్టుకుని ఉండడమే.

భాష ఇంకో గోల. ఇక్కడి తెలుగు ముసలమ్మలు జీవితమంతా బజార్లో ఒడియా మాట్లాడినవాళ్ళే. ఈ జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. మా ఆయాలు "పాణి పియిబే?" అని అడిగితే అలా చూస్తూ ఉండిపోతారు. చెవుడు అనో, మొండి అనో అనుకుని గ్లాసు పక్కన పెట్టేసి వెళ్ళిపోతారు. నేను వెళ్ళి "మంచినీళ్ళు తాగుతావేటి మామ్మా" అంటే నోరు తెరిచేవారు. నా డ్యూటీ దిగిపోయాక ఎవరు అడిగారో నాకు తెలీదు.

అలాగని ఇంట్లోనే ఉంచమనను. 88కి పడిపోతే ఐదు లీటర్ల కాన్‌సెంట్రేటర్ సరిపోకపోవచ్చు. ఇంకోటి, ఈ జబ్బున్న వాళ్ళలో కోవిడ్ ఒక్కోసారి జ్వరం, దగ్గు లేకుండానే వస్తుంది. హఠాత్తుగా మత్తుగా పడి ఉంటారు, తిండి మానేస్తారు, లేని మనుషులతో మాట్లాడతారు. దాన్ని డెలీరియం అంటారు. ఇంట్లోవాళ్ళు "మతి ఇంకా పోయింది" అనుకుని ఊరుకుని, బాగా ఆలస్యమయ్యాక తెచ్చేవారు. ఒకటి రెండు రోజుల్లో మనిషి అలా మారిపోతే అది పాత జబ్బు ముదరడం కాదు, కొత్తదేదో వచ్చిందని అర్థం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఇలాగే ఉంటుంది.

కోడలు గారూ, డెలీరియం వచ్చిపోయాక ఇలాంటి వాళ్ళు చాలామంది పాత స్థితికి రారు. మా దగ్గర నుంచి డిశ్చార్జ్ అయిన వాళ్ళలోనూ నడక పోయినవాళ్ళున్నారు. చేరిస్తే మీ అత్తగారు నడిచేవారని గానీ, నడిచేవారు కాదని గానీ ఎవరూ తేల్చలేరు.

గుణుపురం మాస్టారు

నర్సమ్మా, చేతులు కట్టిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నాన్నగారి మణికట్టు మీద మచ్చలు చూసి సూది గుచ్చిన గుర్తులనుకున్నాం.

అయినా నా మాట మార్చుకోను. తోడు మనిషిని రానివ్వాలంటే ప్రతి మంచానికీ ఒకరు. జబ్బు అంటకుండా ఒళ్ళంతా కప్పే కిట్లు డాక్టర్లకే చాలని రోజులవి. తోడుగా వెళ్ళినవాడు జబ్బు తగిలించుకుని ఊరికి మోసుకొస్తే? రూలు పెట్టినవాళ్ళు రాక్షసులేం కాదు.

బరంపురం కోడలు

మా ఇంట్లో అప్పటికే ముగ్గురం పాజిటివ్ మాస్టారూ. నన్ను వార్డులోకి రానిస్తే కొత్తగా ఎవరికి అంటిస్తాను? ఈ మాటే అక్కడ అడిగితే జవాబు లేదు. ప్రతి మంచానికీ అడగలేదు. మాట రాని వాళ్ళకి, మతి లేని వాళ్ళకి అడిగాను. కేరళలో 2020 అక్టోబరులోనే అవసరమైన రోగులకి తోడు మనిషిని పెట్టుకోనిచ్చారు, కిట్ వేసి. మా సంగతి జరిగింది 2021 మేలో.

సూరత్ గంజాం

అందరూ చదువుకున్నట్టు వాదిస్తున్నారు. నా సంగతి వినండి. నేను సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తాను. 2020లో మిల్లులు మూసేస్తే మే నెలలో శ్రామిక్ రైల్లో వచ్చాను. వచ్చాక మా ఊరి బడిలో క్వారంటైన్. మా ఇల్లు ఆ బడి వెనకే. అమ్మకి మతి లేదు. సాయంత్రం అయితే చాలు, పుట్టింటికి పోతానని మూట కట్టుకుని రోడ్డు మీదికి వచ్చేస్తుంది. పోలీసు కొడతాడని మా ఆవిడ గేటుకి తాళం వేసేది. ఆ ఏప్రిల్‌లోనే సర్పంచులకి కలెక్టరు అధికారాలు ఇచ్చారు కదా, నన్ను ఇంట్లో ఒక గదిలో ఉండనివ్వమని సర్పంచిని అడిగితే ఒప్పుకోలేదు. ఊళ్ళో అందరికీ సూరత్ వాళ్ళంటే భయం.

తర్వాతి సంవత్సరం నేను మళ్ళీ సూరత్‌లో ఉండగా అమ్మకీ, మా ఆవిడకీ ఒకేసారి జ్వరం. ఇద్దరు చిన్నపిల్లలు. పక్కవాళ్ళు గిన్నె గడప మీద పెట్టి పోయేవారు, అంతే. ఇంట్లో ఉంచి చూసుకోవాలంటే చూసుకునే మనిషి నిలబడగలగాలి కదా. అమ్మని 108 ఎక్కించారు. మా ఆవిడ ఎక్కించింది. అమ్మ తిరిగి రాలేదు.

ఇప్పుడు మా చుట్టాల్లో కొందరు "కోడలు వదిలించుకుంది" అంటారు. ఇక్కడేమో చేర్చనందుకు తిడుతున్నారు. రెండు చోట్లా మాట పడింది కోడలే. అది గమనించారా ఎవరైనా?

విశాఖలో కూతురు

గమనించాను బాబూ. కూతుళ్ళం మాటలు అనడం వెనక మేం అక్కడ లేమన్న కడుపుమంట ఉంటుంది. అది కోడలి మీద చూపించడం సులువు, అన్నదమ్ముల మీద కష్టం. అయినా నన్ను అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను.

పాతకాలం మనిషి

అందుకే ముందే చెప్పాను, ప్రశాంతంగా పోనివ్వాలని.

సూరత్ గంజాం

ఆయాసంతో పోవడం ప్రశాంతంగా ఉండదండీ. మా అమ్మ గురించి ఆసుపత్రి వాళ్ళు చెప్పింది విన్నాను.

కొత్త సభ్యుడు, జయపురం

మా నాన్నకి పోయిన నెలే అల్జీమర్స్ అన్నారు, మొదటి దశ. ఇంకా అన్నీ మాట్లాడతారు. ఈ చర్చ చదివాక భయం వేసింది. రేపు కోవిడ్ కాకపోయినా తుంటి ఎముక విరిగినా ఆసుపత్రి తప్పదు. ఇప్పుడే చేసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

కోవిడ్ వార్డు నర్సు

ఉన్నాయి బాబూ. ముందు నాన్నగారినే అడగండి, నలుగురి ముందు. మాట చెప్పగలిగినప్పుడే చేయాల్సిన పని ఇది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన జబ్బులూ వస్తాయి. మతి బాగున్నప్పుడే ఆ జబ్బుకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవచ్చు. ఎవరిని ఎంచుకున్నారో మీ అక్కచెల్లెళ్ళందరికీ తెలియాలి, లేకపోతే మళ్ళీ ఇదే గొడవ.

తర్వాత ఒక కాగితం రాసి ఆధార్ కాపీతో పాటు పెట్టండి. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయండి, తెలుగులో రాస్తే మా వార్డులో చదివేవాళ్ళు తక్కువ. ఈయనకి అల్జీమర్స్ ఉంది, తెలుగే అర్థమవుతుంది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఏ మందులు పడవు. అన్నం మెత్తగా కలిపి కూర్చోబెట్టి పెట్టాలా, గటగటా తాగితే పొలమారుతుందా అన్నది తప్పకుండా రాయండి. పడుకోబెట్టి తాగిస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, వార్డులో అలా పోయినవాళ్ళున్నారు. నీళ్ళు, బాత్రూం, నొప్పి, ఇంటికి వెళ్దాం అనే నాలుగు తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో రాసిపెట్టండి, ఆయాలు చదివి పలుకుతారు. కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మిషన్ మీద పేరు రాయండి, షిఫ్టు మారేటప్పుడు ముందు పోయేవి అవే. మీ ఫోన్ నంబరు కాగితం మీద ఒకసారి, చేతికి కట్టే పట్టీ మీద ఇంకోసారి రాయించండి. చేర్చుకునే కౌంటర్ దగ్గర కాదు, వార్డు సిస్టర్‌ని అడిగి రాయించండి.